దరఖాస్తుదారుని నడత

డివిజన్ ఆఫీసు నుంచి ఆ కాగితం వచ్చిన రోజు మొదలు జెరూషా కుర్చీలో కుదురుగా కూర్చున్నది లేదు. బోయిగూడలోని మేదరి గల్లీ సబ్ పోస్టాఫీసుకు ఆమె తొమ్మిదేళ్లుగా పోస్టుమాస్టరు. రెండు గదుల అద్దె కొంప అది. ముందు గదిలో ఆమె కౌంటరు, వెనక గదిలో ఉత్తరాల సంచులు. ఆ సంచుల మీద పెత్తనం పోస్ట్‌మ్యాన్ మధుసూదన్‌ది. ఆఫీసు మొత్తానికి ఉన్నది వాళ్లిద్దరే. మధుసూదన్ ఆ గల్లీల్లో ముప్పై నాలుగేళ్లుగా తిరుగుతున్నాడు. మార్చి ముప్పై ఒకటిన రిటైరవుతాడు.

కాగితంలో ఉన్నవి నాలుగే ముక్కలు. మార్చి ఆఖరుకు అద్దె గడువు ముగుస్తుంది, ఆఫీసును రెజిమెంటల్ బజార్ దగ్గరున్న పెద్ద ఆఫీసులో కలిపేస్తారు. మేదరి గల్లీలో దీనికి బదులు ప్రైవేటు మనిషి నడిపే ఏజెన్సీ వస్తుంది. స్టాంపులు, స్పీడ్ పోస్టు, పార్సిళ్లు అక్కడ చూసుకోవచ్చు. అభ్యంతరాలుంటే ఫిబ్రవరి ఇరవైలోగా రాతపూర్వకంగా తెలపాలి.

బస్తీవాళ్ల పింఛన్లు పడే సేవింగ్స్ ఖాతాల ఊసే లేదు. జెరూషా మూడుసార్లు చదివింది. లేచి వెనక గదిలోకి వెళ్లింది, ఎందుకు వెళ్లిందో గుర్తురాక తిరిగొచ్చింది. జిగురు సీసా తీసి కిటికీలో పెట్టింది, కిటికీలోంచి తీసి మళ్లీ కౌంటరు మీద పెట్టింది.

“ఏందీ మేడం, గంత పరేషాన్ అయితున్నరు?” అన్నాడు మధుసూదన్, సంచి భుజానికి తగిలించుకుంటూ.

ఆమె కాగితం అతని చేతికిచ్చింది. అతను కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని చదివాడు. మడిచి కౌంటరు మీద పెట్టాడు.

“మనం ఊకుంటే అయితదా?” అన్నాడు. “అర్జీ పెడదాం. సంతకాలు నేను తెస్త. నా బీటుల ఎవరింటికి పోయినా కాదనరు.”

“ప్రభుత్వోద్యోగం చేస్తూ అర్జీ మీద నా పేరెలా పెట్టనండీ?”

“బస్తీలోల్లు పెట్టుకున్నట్టే ఉండాలె.”

“అయితే మొదటి పేరు రోసమ్మగారిది పెడదాం,” అంది జెరూషా.

రోసమ్మ మిషన్ స్కూల్లో ఆయాగా చేసి రిటైరైంది. పోస్టాఫీసుకు నాలుగిళ్ల అవతల ఉంటుంది. డెబ్బై దాటాయి, మోకాళ్లు అరిగిపోయాయి. ఆ నాలుగిళ్ల దూరమే ఆమె నెలకోసారి పింఛనుకు గోడ పట్టుకుని నడిచి వస్తుంది. రెజిమెంటల్ బజార్ దాకా వెళ్లాలంటే ఆటో కావాలి, ఆటో ఎక్కించి దించే మనిషి కావాలి. ఆమె పేరు పెడితే ఎవరూ కాదనలేరని జెరూషా అనుకుంది. మల్కాజ్‌గిరిలో ఇంటి దగ్గర భర్త ఎరిక్ కంప్యూటర్ మీద అర్జీ తయారు చేసి తెచ్చింది. ఆమెతో పాటు వెళ్లిన మధుసూదన్ కాగితం చేతికివ్వగానే రోసమ్మ చదవకుండానే సంతకం చేసింది.

“మీరు పెట్టమంటే పెట్టనా అమ్మా?” అంది.

తొమ్మిది రోజులపాటు మధుసూదన్ ఉత్తరాలతో పాటు అర్జీని కూడా మోసుకు తిరిగాడు. టింబర్ డిపోల వెనక సందులు, పిండి గిర్నీ వీధి, రైల్వే గోడ పక్కన రేకుల ఇళ్లు, అన్నీ తిరిగాడు. మూడు వందల పన్నెండు సంతకాలయ్యాయి. సంతకం రానివాళ్లు వేలిముద్రలు వేశారు. ఫిబ్రవరి పందొమ్మిదిన తనే డివిజన్ ఆఫీసుకు వెళ్లి ఇచ్చొస్తానన్నాడు. సాయంత్రం కౌంటరు మూసే వేళకు తిరిగొచ్చాడు.

“ఇచ్చిన మేడం.”

“అందినట్టు ముద్ర వేసిన కాపీ?”

“సెక్షన్ల క్లర్కు లేడు. తర్వాత ఇస్తమన్నరు.”

జెరూషా మరి అడగలేదు. తొమ్మిదేళ్లలో అతను ఒక్క ఉత్తరం పొరపాటు గడపలో వేయగా ఆమె చూడలేదు.

ఆ తర్వాత జవాబు కోసం ఎదురుచూపులు. రోజూ ఎనిమిదింటి లోకల్‌కు బయల్దేరే మనిషి ఏడింటి బండికే వెళ్లడం మొదలుపెట్టింది. సికింద్రాబాద్ స్టేషన్లో దిగి పదో ప్లాట్‌ఫారం వైపు గేటులోంచి బోయిగూడలోకి నడుస్తుంటే, స్టేషన్ కొత్త కట్టడాల దుమ్ము చెప్పుల్లో చేరేది. ఆఫీసు తాళం తీయడానికి గంట ముందే గుమ్మంలో నిలబడి ఉండేది. డివిజన్ నుంచి వచ్చే సంచి ముందు తనే విప్పేది. ఇంట్లో ఆరేసిన బట్టలు ఎండకముందే తీసేది, మడతపెట్టి, తడిగా ఉన్నాయని మళ్లీ ఆరేసేది.

“బైబిల్లో మోషే కూడా నలభై ఏళ్లు ఓపిక పట్టాడు, నువ్వు నాలుగు రోజులు పట్టలేవా?” అన్నాడు ఎరిక్. అతను ఒక హైస్కూల్లో లెక్కల మేష్టారు, ఏ మాటైనా తాపీగా అంటాడు.

“ఆయనకు మార్చి ముప్పై ఒకటి లేదు,” అంది జెరూషా.

మార్చి మొదటి బుధవారం పొద్దున ఇన్‌స్పెక్టరు జోగారావు వచ్చాడు. విజయనగరం వైపు మనిషి, మర్యాదస్తుడు. చంకలో ఒక ఫైలు ఉంది. మధుసూదన్ అప్పటికే బీటు మీద వెళ్లిపోయాడు.

“ఏజెన్సీకి ఇద్దరు దరఖాస్తు పెట్టారమ్మా. ఒకాయన చూపిన షాపు రోడ్డుకు దూరమని కొట్టేశారు. మిగిలింది ఇదొక్కటే. మీరు వెళ్లి గది చూసి, ఈ ఫారం నింపి శనివారానికి పంపండి.”

“బస్తీవాళ్ల అర్జీ సంగతి ఏం తేల్చారండీ?”

“ఏ అర్జీ?”

“రోసమ్మగారి పేరుతో. మూడు వందల పన్నెండు మంది.”

జోగారావు నుదురు ముడిచాడు. “మాకేం రాలేదమ్మా. వస్తే నా బల్ల మీదకే రావాలి. అభ్యంతరాలు లేవని పై ఆఫీసుకు రాసేశాం కూడానూ.”

అతను వెళ్లాక ఆమె ఫైలు విప్పింది. దరఖాస్తు మీద చేతిరాత ఎవరిదో పేరు చదవకముందే తెలిసిపోయింది. ‘ఇంటికి తాళం’, ‘ఊరు వెళ్లారు’, ‘మనిషి చనిపోయాడు’ అని తిరిగొచ్చిన ఉత్తరాల మీద తొమ్మిదేళ్లుగా చూస్తున్న రాత. దరఖాస్తుదారు: ఎన్. మధుసూదన్, మార్చి ముప్పై ఒకటిన పదవీ విరమణ చేయబోతున్న పోస్ట్‌మ్యాన్. స్థలం: సొంత ఇంటి ముందు గది. దరఖాస్తు అందిన తేదీ: ఫిబ్రవరి పందొమ్మిది.

ఆమె నింపాల్సిన ఫారంలో ఏడు కాలమ్‌లు ఉన్నాయి. గది వైశాల్యం, కరెంటు, రోడ్డు వసతి లాంటివి ఆరు. ఏడోది: దరఖాస్తుదారుని నడతపై మీ అభిప్రాయం.

ఒంటిగంటకు భోజన విరామం బోర్డు తగిలించి తాళం వేసింది. డబ్బా విప్పలేదు. మధుసూదన్ ఆ వేళకు ఏ సందులో ఉంటాడో ఆమెకు తెలుసు. టింబర్ డిపోల దగ్గర చూసింది. రంపాల చప్పుడులో ఎవరో, “ఇప్పుడే పోయిండు మేడం,” అన్నారు. గిర్నీ వీధిలోకి మళ్లింది. గిర్నీ నడిపే శారదమ్మ మోచేతుల దాకా పిండితో బయటికొచ్చి, “మన సంతకాలకు జవాబొచ్చిందా మేడం?” అని అడిగింది. జెరూషా రాలేదని తల ఊపి ఆగకుండా నడిచింది. ఇంకో ఇద్దరు అదే అడిగారు. ఎండకు నెత్తి మాడుతోంది. తిరిగి తిరిగి చివరికి అతని ఇంటి ముందే తేలింది.

తలుపు తీసింది మధుసూదన్ భార్య కల్పలత. బట్టలు కుడుతుంది ఆవిడ. మెడలో టేపు అలాగే ఉంది. జెరూషాను చూసి మొహం విప్పారింది.

“రాండ్రి మేడం, మీరెప్పుడొస్తరా అని చూస్తున్న. గది చూడనీకె గద.”

ముందు గదికి కొత్తగా సున్నం వేశారు. వాసన ఇంకా పోలేదు. కుట్టుమిషను గోడ మూలకు జరిగింది. దాని చోట కొత్త చెక్క కౌంటరు, ఆమె ఆఫీసులో ఉన్నంత ఎత్తే, అదే కొలత.

“పొద్దంతా నేను కూసుంట. కంప్యూటర్ సుత నేర్సుకుంటున్న. పోస్టాఫీస్ మన ఇంట్లకు వస్తదంటే నాకు నమ్మబుద్ధే కాలె. మీరే చెప్పి ఇప్పిచ్చిన్రు అనుకున్న.”

జెరూషా నిలబడే ఉంది. కల్పలత మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు చేతిలో ఉండగానే మధుసూదన్ లోపలికొచ్చాడు. సంచి భుజం మీది నుంచి దించబోయి ఆగిపోయాడు.

“అర్జీ ఎక్కడుంది మధుసూదన్‌గారూ?” అంది జెరూషా.

అతను అబద్ధమాడలేదు. సంచి దించి, కుట్టుమిషను సొరుగు లాగి, దారపు కండెల కింద నుంచి పసుపుపచ్చ కవరు తీశాడు. కౌంటరు మీద పెట్టాడు.

“గవి ఆఫీసు కాయితాలన్నవ్ గదా?” అంది కల్పలత.

“ఆ పొద్దు డివిజన్ ఆఫీసు మెట్ల దాకా పోయిన మేడం,” అన్నాడు మధుసూదన్. “ఏజెన్సీ దరఖాస్తు సుత గదే సంచిల ఉండె. అర్జీ ఇస్తే దరఖాస్తు ఎందుకు? దరఖాస్తు ఇస్తే అర్జీ ఎందుకు? చాలాసేపు నిలబడ్డ. ఒకటే ఇచ్చిన.”

“పారేయకపోయారా?”

“ఎట్ల పారేస్త? ఒక్కో సంతకం ఎవరిదో నాకు తెల్సు.”

“ఎందుకు చేశారు?”

మధుసూదన్ చొక్కా బొత్తాం తిప్పుతూ నిలబడ్డాడు. “ఒకటో తారీఖు పొద్దుగాల లేస్త. సంచి ఉండదు. గల్లీల కనవడితే, ‘ఏం మధన్నా, ఊకెనే తిరుగుతున్నవా’ అంటరు. గా మాట యాదికొస్తే బువ్వ దిగుతలేదు. మీకు బదిలీ ఉన్నది. నాకేమున్నది? ఎట్లయినా ఎవనికో ఇస్తరు. గా ఎవడో నేనైతే ఏంది అనుకున్న.”

“ఆ మాట నాతో అనొచ్చుగా.”

“అంటే మీరేమంటుండె?”

జెరూషా గ్లాసు కౌంటరు మీద పెట్టి, అక్కడి నుంచి తీసి కిటికీలో పెట్టింది.

“మూడు వందల సంతకాలతోని డిపార్ట్‌మెంటు ఆగుతదా మేడం?”

“ఆగదేమో. ఆగదని వాళ్లు చెప్పాలి. మీరు కాదు.”

“మీరు సుత మీ పేరు పెట్టలే గద,” అన్నాడతను. గొంతు పెంచలేదు. “రాసింది మీరు. ముందు పెట్టింది రోసమ్మను. మీ నౌకరీకి మీరు భయపడ్డరు. నేనూ గంతే.”

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. జెరూషా కవరు తీసుకుని గుమ్మం దాకా వెళ్లింది. గుమ్మంలోంచి వెనక్కి తిరిగింది.

“రిపోర్టు శనివారం పంపాలి. అందులో మీ నడత గురించి అడిగారు. ఇవాళ రాయమంటే ఏం రాస్తానో నాకే తెలియదు. ఈ మూడు రోజుల్లో సంతకం పెట్టిన వాళ్లందరికీ మీరే చెప్పండి, అర్జీ ఇవ్వలేదని.”

“అందరికా?”

“అందరికీ. మీ బీటే కదా.”

మధుసూదన్ కల్పలత వైపు చూశాడు. ఆవిడ మెడలోంచి టేపు తీసి వేళ్లకు చుట్టుకుంటోంది.

“నా మొహం ఏం చూస్తవ్?” అంది. “రేపు వాళ్లే గీ కౌంటరు కాడికి రావాలె. ఎనుక నన్ను కూసోబెట్టాలంటే ముందు పోయి చెప్పిరా.”

గురువారం పది దాటగానే మొదటి కబురు శారదమ్మ తెచ్చింది. గిర్నీ ఆపేసి వచ్చినట్టుంది, జుట్టు మీద కూడా పిండి ఉంది. కౌంటరు మీదికి వంగి మెల్లగా అడిగింది: “మేడం, మీ మధుసూదన్ వచ్చి గిట్ల గిట్ల చేసిన, తప్పైంది అంటుండు. పొద్దుగాల్నే తాగిండా?”

“తాగలేదు శారదమ్మా. నిజమే.”

శారదమ్మ కౌంటరు మీది చేతులు తీసేసింది. “నా కోడలితోని, నా కొడుకుతోని, అందరితోని పెట్టిచ్చిన గదా సంతకం. వాళ్లకిప్పుడు ఏం చెప్పాలె?” అని, జవాబు వినకుండానే వెళ్లిపోయింది.

ఆ రోజంతా జెరూషా చేసిన ప్రతి పనీ వంకరే. నిన్నటి తేదీ ముద్రతో పదిహేను కవర్లు కొట్టింది, మళ్లీ అన్నీ సరిచేసింది. స్పీడ్ పోస్టు రసీదు ఒకరిది ఒకరికిచ్చింది. ఎవరూ లేనప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి సందు చివరికంటా చూసేది. అతను చెప్పడానికి భయపడి మానేస్తాడేమోనని ఒకసారి అనిపించేది. ఏ ఇంట్లోనైనా కొడతారేమోనని మరోసారి. ఇంతకూ తను చేసింది న్యాయమో కక్షో తేలేది కాదు.

కబుర్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. టింబర్ డిపో యజమాని లక్ష్మణ్ నవ్వి, చాయ్ తాగించి పంపాడట. “సంతకం పెట్టిన సంగతే మర్చిన,” అన్నాడట. రేకుల ఇళ్ల దగ్గర ఒకావిడ, “మరి మా అమ్మ పింఛనెట్ల?” అని నిలదీస్తే అతను నిలబడి వివరాలన్నీ రాసిచ్చాడట. గ్రేసీ అనే నర్సు విని, ఏమీ అనకుండా తలుపేసుకుందట. ఇంకో పెద్దాయన, “ఇంకోసారి నా గడప తొక్కకు. ఉత్తరముంటే గిర్నీ కాడ ఇచ్చి పో,” అన్నాడట. ఆ ఒక్కటీ మధుసూదన్ తనే చెప్పాడు, శుక్రవారం సాయంత్రం సంచి మడతపెడుతూ.

“ముప్పై నాలుగేండ్లల నన్ను గడప తొక్కకన్నోడు లేడు మేడం.”

జెరూషాకు అతని వైపు చూడబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఎరిక్‌కు అంతా చెప్పింది. “ఆయనన్న మాట నిజం. పేరు నేనూ దాచుకున్నాను,” అంది.

ఎరిక్ పరీక్ష పేపర్లు పక్కన పెట్టాడు. “ఇంకా ఆరేళ్ల ఉద్యోగముంది నీకు.”

“ఉంది.”

“అది గుర్తుంచుకునే అంటున్నావా?”

“గుర్తుంది కాబట్టే కూర్చోలేకపోతున్నాను.”

ఆమె వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంటే లైటు వేసి వదిలేశాడు.

శనివారం మధ్యాహ్నానికి జాబితాలో ఒక్క పేరు మిగిలింది. మధుసూదన్ ఆఫీసు మెట్ల మీద నిలబడి, నాలుగిళ్ల అవతలికి చూస్తూ, “నాతోని కాదు మేడం,” అన్నాడు.

“పదండి. నేనూ చెప్పాల్సింది ఉంది.”

రోసమ్మ మంచం మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఇద్దరూ కలిసి రావడం చూసి, మోకాళ్ల మీది చేట పక్కన పెట్టింది. మధుసూదన్ నిలబడే చెప్పాడు. మూడు రోజులుగా గడప గడపలో చెప్పిన మాటే అయినా ఇక్కడ రెండుసార్లు తడబడ్డాడు.

“ఆ అర్జీ రాసింది నేనమ్మా,” అంది జెరూషా. “నా పేరు పెట్టే ధైర్యం లేక మీది పెట్టాను.”

“అది నాకప్పుడే తెలుసులేమ్మా,” అంది రోసమ్మ. తర్వాత మధుసూదన్ వైపు తిరిగింది. “నేనెందుకు చదవలేదో తెలుసా? మా ఆయన పోయినప్పుడు టెలిగ్రాం నువ్వే తెచ్చావు. గుమ్మంలోనే ఇచ్చి పోకుండా, పక్కింటామెను పిలిచి, ఆమె వచ్చిందాకా కూర్చుని, అప్పుడిచ్చావు. నువ్వు తెచ్చిన కాగితం చదివేదేముందనుకున్నాను.”

మధుసూదన్ తల ఎత్తలేదు.

“చెప్పావు. విన్నాను,” అంది రోసమ్మ. “నేను లేవలేను. తలుపు మీరే దగ్గరకేసి వెళ్లండి.”

ఆఫీసుకు తిరిగొచ్చాక జెరూషా ఫారం ముందు పెట్టుకుంది. ఆరు కాలమ్‌లు గబగబా నిండాయి. గది సరిపోతుంది, వెలుతురుంది, రోడ్డు దగ్గర. ఏడో కాలమ్ దగ్గర కలం ఆగింది. జరిగింది జరిగినట్టు రాస్తే అతని పింఛను మీదికి విచారణ వస్తుంది. రాయకపోతే తను కప్పిపుచ్చినట్టవుతుంది. లేచి వెనక గదిలోకి వెళ్లొచ్చింది. మళ్లీ లేచింది. చివరికి నిలబడే రాసింది: ‘పని తెలిసినవాడు. బస్తీలో ప్రతి ఒక్కరూ ఈయన్ను పూర్తిగా ఎరుగుదురు.’

తర్వాత ఇంకో తెల్లకాగితం తీసింది. జతచేసిన అర్జీని రాసినది తానేననీ, అది గడువు లోపల అందకపోవడానికి బాధ్యత తన ఆఫీసుదేననీ, అయినా దాన్ని పరిశీలించమని కోరుతున్నాననీ రాసి, పూర్తి పేరుతో సంతకం చేసింది.

శనివారం సంచి అప్పటికే వెళ్లిపోవడంతో, సోమవారం రెండూ స్వయంగా డివిజన్ ఆఫీసుకు తీసుకెళ్లింది. జోగారావు ఆ కాగితం చదివి కళ్లద్దాలు తీశాడు.

“ఇది నేను చూడలేదనుకుంటాను. తీసుకెళ్లిపొండమ్మా. సంజాయిషీ అడుగుతారు.”

“అడగనివ్వండి. అందినట్టు ముద్ర వేయించండి చాలు.”

ఆ ముద్ర పడేదాకా ఆమె కౌంటరు దగ్గర నుంచి కదల్లేదు.

సంజాయిషీ నోటీసు పది రోజుల్లో వచ్చింది. ఇంకో వారానికి హెచ్చరిక ఆమె సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది. అర్జీకి జవాబు కూడా వచ్చింది, రోసమ్మ పేరు మీద: గడువు దాటినందున పరిశీలించడం సాధ్యం కాదు. మధుసూదన్ బట్వాడా చేసిన ఆఖరి ఉత్తరాల్లో అదొకటి. తలుపు సందులోంచి వేసి వచ్చానన్నాడు.

మార్చి ముప్పై ఒకటిన సాయంత్రం నాలుగింటికి ఆఫీసు ముందు చిన్న షామియానా వేశారు. రిటైరయ్యే మనిషికి శాలువా కప్పాలి కదా అని శారదమ్మే పూనుకుంది. “కోపం కోపమే, శాలువా శాలువానే,” అంది. వంద కుర్చీలు తెప్పించారు. వచ్చినవాళ్లు పందొమ్మిది మంది. కల్పలత ముందు వరసలో తల వంచుకుని కూర్చుంది. మధుసూదన్ రెండు మాటలు మాట్లాడదామని లేచి, ఒక మాటే మాట్లాడి కూర్చున్నాడు. జెరూషా వెనక నిలబడి, ఖాళీ కుర్చీలను ఒకదాని మీద ఒకటి పేర్చడం ముందే మొదలుపెట్టింది.

కొత్త ఆఫీసులో ఆమెకు పోస్టుమాస్టరు కుర్చీ లేదు. పొడుగాటి హాలులో, వరసలో చివరి బల్ల. బట్వాడా కాకుండా తిరిగొచ్చినవన్నీ ఆ బల్ల మీదికి వస్తాయి. పక్కన ఎవరూ మాట్లాడరు, అందరూ కంప్యూటర్ తెరల్లోకి చూస్తుంటారు. జూన్‌లో వానలు మొదలయ్యేసరికి మేదరి గల్లీ ఉత్తరాలు కుప్పగా తిరిగి రాసాగాయి. ‘చిరునామా దొరకలేదు.’ ‘చిరునామా దొరకలేదు.’ ఒక ఆధార్ కార్డు, ఒక కోర్టు నోటీసు, ఏదో కాలేజీ నుంచి ఎవరికో సీటు వచ్చిందన్న కవరు. ఆ గల్లీలకు కొత్తగా వచ్చిన పోస్ట్‌ఉమన్ అనుపమది నల్లగొండ. ఇద్దరు పిల్లల తల్లి, పని దొంగ కాదు. కానీ ఆ సందుల్లో సగం ఇళ్లకు నంబర్లే లేవు.

“ఎవర్ని అడిగినా అటు పో ఇటు పో అంటున్రు మేడం,” అంది అనుపమ, తడిసిన సంచి పిండుతూ. “తిరిగి తిరిగి కాళ్లు పోతున్నయి.”

జెరూషా కుప్పను ఒకసారి చూసింది. భోజనం వేళ కాలేదు. సెలవు చీటీ రాయలేదు. గొడుగు తీసుకుని లేచింది. “పద,” అంది.

ఏజెన్సీ ముందు నలుగురు నిలబడి ఉన్నారు. కౌంటరు వెనక కల్పలత కంప్యూటర్ మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతోంది. జెరూషాను చూసి లేవబోయి, వరసలో ఉన్నవాళ్లను చూసి మళ్లీ కూర్చుంది. మధుసూదన్ అరుగు మీద పేపరు చదువుతున్నాడు. మూడు నెలల్లో కాస్త ఒళ్లు చేశాడు. బట్వాడాతో ఏజెన్సీకి సంబంధం లేదు, అతన్ని ఎవరూ అడగలేదు కూడా.

జెరూషా ఉత్తరాల కట్ట అతని ముందు పెట్టింది. “ఇవి ఎవరివో చెప్పండి.”

అతను మొదటి కవరు చూశాడు. రెండోది చూశాడు. “చెప్తే ఏం సమజైతది? రాండ్రి,” అని చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

ముగ్గురూ వానలో నడిచారు. అతను ముందు, వెనక అనుపమ ప్రతి గుమ్మం దగ్గరా చిన్న పుస్తకంలో రాసుకుంటూ. మేకల కొట్టం పక్కది ఆశీష్‌ది, రెండో అంతస్తు, కింద పిలవాలి. నీలి గేటు ఇంట్లో మనిషికి చెవులు వినపడవు, కిటికీ కొట్టాలి. కొందరు మధుసూదన్‌ను చూసి పలకరించారు. కొందరు ఉత్తరం అనుపమ చేతి నుంచే తీసుకుని లోపలికెళ్లిపోయారు. అతను రెండింటికీ అలవాటు పడినట్టే ఉన్నాడు.

రోసమ్మ సందు మొదట్లో ఆగిపోయాడు. ఆమె ఏజెన్సీకి ఒక్కసారీ రాలేదు. నెలకోసారి పింఛనుకు నూట యాభై రూపాయలు పెట్టి ఆటోలో రెజిమెంటల్ బజార్ వస్తుంది. జెరూషానే బయటికెళ్లి చేయిపట్టి దించుతుంది.

“మీరు పోయి రాండ్రి. నేనీడ ఉంట,” అన్నాడు.

“ఏం సార్, కుక్క ఉన్నదా?” అడిగింది అనుపమ.

“లేదమ్మా. మంచి మనిషే ఉన్నది,” అన్నాడు మధుసూదన్, గొడుగు లేకుండా చూరు కింద నిలబడుతూ.

జెరూషా అనుపమను తీసుకుని సందులోకి నడిచింది. రోసమ్మ తలుపు తీసి ఉంది. మిషన్ స్కూలు నుంచి వచ్చిన కవరు అనుపమ చేతి నుంచి అందుకుని, కళ్లు చిట్లించి పైన పేరు చదువుకుంది. తర్వాత వాళ్ల వెనకగా సందు మొదటికి చూసింది.

“తడుస్తున్నాడక్కడ,” అంది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. తలుపు మాత్రం వెయ్యలేదు.

జెరూషా సందులోంచి బయటికొచ్చేసరికి మధుసూదన్ కట్టలోని తర్వాతి కవరు చొక్కా కింద తడవకుండా పట్టుకుని, పక్క గల్లీలోకి మళ్లుతూ చెయ్యి ఊపుతున్నాడు. ఆఫీసులో తన బల్ల దగ్గర ఈపాటికి ఎవరో వెతుకుతుంటారని ఆమెకు తెలుసు. గొడుగు అనుపమ మీదికి వంచి అటే నడిచింది.